మామ రేడియో గుండీ

అంకీసల కరెంటు బిల్లు మరాఠీల వస్తది,
చీకటి మాత్రం తెలుగులనే వస్తది.
"లైట్ గేలీ" అని గజానన్ మడావి
స్తంభం కిందనుంచి అరిచేలోపే
సూదిని పెదవుల నడుమ పట్టుకొని
చేతులు ఒళ్లో వేసుకొని కూసుంట నేను.

గట్టు మీదికి పోతే అవతలి ఒడ్డు దీపాలు కనవడ్తయి.
నడుమ గోదారి.
నీళ్లల్ల పడ్డ ఆ వెలుగు సగం దాకా వచ్చి
ఆగుతది.
ఎంతసేపు చూసినా
దానితోని జాకెట్టుకు ఒక్క హుక్కు కుట్టరాదు.

పెండ్లిళ్ల కాలం పైసలతోని
అహేరి సంతల పాత సోలార్ పలక కొన్న, నలభై వాట్లది.
ఒక మూల పగిలింది,
అయినా ఎండ తాగుతది అన్నడు అమ్మినోడు.
బ్యాటరీ, దానికి కాపలా ఉండే చిన్న డబ్బా:
ఎక్కువ తాగనియ్యది, పూర్తిగ ఎండనియ్యది,
మా అమ్మ సొంటిది.
పాత కిటికీ అల్యూమినియం పట్టీ మీద
ఎల్ఈడీ రిబ్బను అతికించిన, వేడి దాంట్లకు దిగాలె గద.
ఎర్ర తీగ, నల్ల తీగ.
దారమైనా తీగైనా
లోపలి కుట్టు గట్టిగుంటెనే పైకి నునుపు.

మొదటి రాత్రి
ఇల్లంత పెండ్లి పందిరైంది.
గోడ మీద మసి కనవడ్డది, బియ్యంల పురుగు కనవడ్డది,
నా చీర మోకాలి కాడి అతుకు కనవడ్డది.
నది పురుగులన్ని పిలవకున్నా వచ్చి అన్నంల పడ్డయి.
ప్రణాలి మొఖం మీద పుస్తకం కప్పుకున్నది.
మా అత్త పోచుబాయికి ఒక కంట్ల పొర.
చెయ్యి అడ్డం పెట్టి అన్నది:
"గింత వెలుగుల నాకేం కనవడ్తలేదే."

వెలిగించుడు సగం పనే అని
అప్పుడు తెలిసింది.

గజానన్ కాగితం మీద గీసిచ్చిండు.
ఎనిమిది కాళ్ల నల్ల పురుగసొంటి ఐసీ,
మూడు కాళ్ల మాస్‌ఫెట్.
మొదటిదాని కాళ్లు తారుమారు చేసిన.
చిటుక్కుమన్నది. కాలిన వెంట్రుక వాసన. నలభై రూపాయలు.
రెండోదాన్ని కట్టేముందు
కాళ్లకు మూడు రంగుల దారాలు చుట్టుకున్న.

తిప్పనీకి గుండీ కావాలె.
అటుక మీద మామ రేడియో ఉన్నది, మూగవడి పదకొండేండ్లు.
దాని గొంతు పెంచే గుండీ ఊడదీసిన.
అత్తకు చెప్పలే.

గజానన్ చెప్పింది ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు:
వెలుగు తగ్గదట.
సెకనుకు వందలసార్లు ఆరి, వెలిగి, ఆరి
నడుమ నడుమ చీకటి కలుస్తదట,
కంటికి దొరకకుంట.
అంటే మజ్జిగే గద, అన్న.
చుట్టాలెక్కువొస్తె నీళ్లు పోస్తం,
ఎవ్వరు అడగరు.

నంబర్లు రాయలే, గోర్ల రంగుతోని చుక్కలు పెట్టిన.
పై చుక్క, నల్ల బట్ట మీద నల్ల దారం.
దాని కింద ప్రణాలి లెక్కలు,
మరాఠీల చదివి తెలుగుల ఏడ్చే లెక్కలు.
ఇంకా కిందికి, అన్నం.
ఆఖరిది చుక్క గాదు, గోరుతోని గీరిన గీత;
రాత్రి లేచినోళ్లకు
చెంబు ఎక్కడున్నదో తెలిసేటంత.

శ్రావణంల నాలుగు దినాలు సూర్యుడు రాలే.
ఒర్రె పొంగి తొవ్వ మునిగింది, స్తంభం వంగింది.
గీత దగ్గరనే పెట్టి నడిపించిన,
నీళ్ల మజ్జిగ, అయినా మజ్జిగే.
జాకెట్లు ఆగినయి.
పెండ్లిపిల్ల తల్లి గొడుగు వట్టుకొనొచ్చి తిట్టి పోయింది.

నాలుగో రాత్రి మెలకువ వస్తె
అత్త గోడ కాడ నిలవడ్డది.
వేళ్లు గుండీ మీద.
దాని అంచుకు ఒక పక్క అరిగిన చోటున్నది,
మామ బొటనవేలు అరగదీసిన చోటు.
అండ్లనే ఆమె వేలు కూసున్నది.
ఎన్ని దినాలసంది తెలుసో.

"జర పెంచు బిడ్డా," అన్నది
నా దిక్కు తిరగకుంటనే.
"వినవడ్తలేదు."

బ్యాటరీల మిగిలింది చెంచాడు.
పెంచిన.